యాభై రెండు రోజుల నెల

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది: నా తెలివి మీద, కంప్యూటర్ నిజాయితీ మీద. రెండూ ఒకే నెలలో పోయాయి, జహీరాబాద్ పక్కనున్న ఓ పైపుల ఫ్యాక్టరీలో. అక్కడ వేలిముద్ర హాజరు యంత్రం పెట్టారు. అది చూసినదాన్ని కంప్యూటర్‌కు అందజేసే డ్రైవర్ ప్రోగ్రాం రాసిన ఘనుణ్ణి నేనే. మొదటి నెల జాబితాలో మా మేనేజర్ యాభై రెండు రోజులు పనిచేసినట్టు తేలింది. (తుమ్మినా సర్క్యులర్ తీస్తాడు కనుక ఆయన్ని సర్క్యులర్ సారు అనేవాళ్ళం.) నెలలో అన్ని రోజులెక్కడివని ఎవరూ అడగలేదు. పెద్దాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది, సారు దానికి అద్దం కట్టించాడు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చి ఫ్యాక్టరీ ఊడ్చే అక్కకు మాత్రం హాజరు సున్నా. వచ్చే ఒకటో తారీఖు నుంచి పనిలోకి రావద్దని ఆమెకూ ఓ సర్క్యులర్ అందింది.

"దినాం సారు ఎన్కనే నిలబడి ఏలు పెడుతున్న బిడ్డా. జర సూడు, నేనేడ గాయబైన?" అంటూ నా దగ్గరికొచ్చింది.

"దుమ్ము పడి ఉంటుందక్కా" అన్నాను. (తప్పు నాదేమోనని అనుమానం వచ్చినప్పుడల్లా దుమ్మే ఆదుకునేది.) యంత్రాన్ని తుడిచాను. సారు దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. ఇక దారిలేక నా ప్రోగ్రాం తెరిచాను. చీపురుకూ బ్లీచింగుకూ అరిగిపోయిన అక్క వేలు యంత్రానికి ఆనడం లేదు. అలాంటప్పుడు అది ఖాళీ అని చెప్పాలి. కానీ పేరు రాసుకునే జాగాను ముందు తుడిచేయమని నేను రాయనే లేదు. అక్కడ మిగిలిపోయిన సారు పేరునే నా డ్రైవర్ మళ్ళీ అందించేది. అలా అక్క ఇరవై ఆరు రోజులూ సారు ఇరవై ఆరుకు కలిశాయి.

ఒక్క వరుస చేర్చాను. సారు కేకు కోయించి, "నీ అసుంటోళ్లు పదిమందుంటే దేశం బాగుపడ్తది" అన్నాడు. (ప్రశంసాపత్రం మాత్రం గోడ దిగలేదు.) నేను అక్కను పిలిచి, జరిగిందంతా చెప్పి, దర్జాగా వేలు పెట్టమన్నాను. 'ఎవరూ లేరు' అని తెర మీద పడింది. చదివి వినిపించాను.

"నిన్నటిదంక నన్ను సారు అన్నది. ఇయ్యాల మనిషే లేదంటున్నది. మంచిగ చేసుడంటే గిదేనా బిడ్డా?"

తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు ఓ నోటుపుస్తకం కొనుక్కొచ్చి, ఆమె హాజరు ఇందులో రాయాల్సిందేనని సారు ముందు మొండికేశాను. ఆయన దాన్ని 'సాంకేతికతలో ముందడుగు' అంటూ సర్క్యులర్ తీశాడు. అక్క పని నిలిచింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు "సరిచేశాం సార్" అని మురిసిపోతుంటే, కేకు తిన్న ఆ మొనగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నెల రోజులుగా అక్కా అక్కా అని పిలిచినవాణ్ణి, ఆమె పేరేమిటని అడిగింది ఆ నోటుపుస్తకంలో రాయాల్సి వచ్చినప్పుడే.