తనిఖీ రోజున రావద్దన్నాను

ఛత్తీస్‌గఢ్‌లో ధర్సీవా దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలలో పదకొండేళ్లు టీచరుగా పనిచేసి మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు నేను ఒక అమ్మాయి సంగతే చెబుతాను.

నిర్బంధ విద్యా చట్టం వచ్చిన కొత్తలో, బడి బయట ఒక్క పిల్ల కూడా మిగలకూడదని మాకు ఆదేశం. పాఠాలయ్యాక ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునేవాళ్లం. అలా ఒకరోజు వెదురు పనివాళ్ల ఇంటికి వెళ్లాను. పదేళ్ల పిల్ల తండ్రి పక్కన కూర్చుని చేట అల్లుతోంది. జానతో కొలిచి, నిలువుకు ఎన్ని బద్దలు కావాలో, అడ్డానికి ఎన్ని కావాలో టకటకా చెబుతోంది. నన్ను చూసి బెదరలేదు. ఏ వెదురుకు పురుగు పడుతుందో, ఎప్పుడు నరికితే పట్టదో నాకు వివరించింది. నేను ఆ మాటలు వింటూనే ఫారం నింపేశాను.

"చేతిపని పోతుంది మేడమ్" అన్నాడు తండ్రి.

"చట్టం. పంపకపోతే మీకే ఇబ్బంది" అన్నాను. తల్లిదండ్రులకు అలాంటి శిక్షేదీ లేదని నాకు తెలుసు. అయినా అన్నాను.

వయసును బట్టి తరగతి అన్నారు కాబట్టి ఒక్క అక్షరం రాని ఆ పిల్ల నేరుగా ఐదో తరగతిలో కూర్చుంది. ఇలాంటివాళ్లకు విడిగా నేర్పాలని కాగితం మీద ఉంది కానీ, రెండు తరగతులకూ కలిపి నేనొక్కదాన్నే. పైగా ఆమె ఇంట్లో మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో ఉన్నది హిందీ. చిన్నప్పుడు తెలుగు తప్ప ఏమీ రాక హిందీ బడిలో నేనెలా బిక్కచచ్చి కూర్చున్నానో అప్పుడైనా గుర్తు రావాల్సింది. రాలేదు. నెల తిరిగేసరికి ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. హాజరు మాత్రం నిండుగా ఉండేది.

అంతలో తనిఖీ అన్నారు. చదవడం రాని పిల్లల్ని ఆ పూట ఇంటి దగ్గరే ఉంచమని హెడ్మాస్టరు చెప్పారు. నేను ఆమెను వరండాలోకి పిలిచాను.

"రేపు రాకు. పెద్ద సారు వస్తున్నారు."

"త బాకీ దిన్ కాబర్ ఆవంవ్, మేడమ్?" అంది. అయితే మిగతా రోజులు ఎందుకు రావాలి అని.

ఎదురు చెప్పాలని అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మర్నాడు ఆమె రాలేదు. నేను ఆమెకూ హాజరు వేశాను. అధికారి రిజిస్టరు చూసి మెచ్చుకుని సంతకం పెట్టి వెళ్లారు.

ఆ తర్వాతి రోజు నుంచి నేను గంటను పట్టించుకోవడం మానేశాను. చదవడం రాని పిల్లల్ని నా రెండు తరగతుల్లోంచీ ఏరి, వరండాలో చాపలు పరిచి కూర్చోబెట్టాను. పుస్తకం పక్కన పెట్టి, వాళ్లు ఇంట్లో అనే మాటలే పలక మీద రాయించాను. ఆమె మొదట చదివిన మాట 'సూపా', అంటే చేట. చదివి, పక్కపిల్లకు చూపించి, పకపకా నవ్వింది. కొన్ని నెలల్లో కూడబలుక్కుంటూ పాఠాలే చదవసాగింది.

కానీ సిలబస్ వెనకబడింది. ఒక మెమో వచ్చింది, దాని వెనకే మరొకటి. ఇకపై తరగతులు కలపనని రాసివ్వమన్నారు. నేను రాజీనామా రాసిచ్చాను.

దేవేంద్ర నగర్‌లో మా ఇంట్లో ఆ రోజు పెద్ద గొడవే అయింది. శ్రీకాకుళం నుంచి కాపురానికి వచ్చి నలభై ఏళ్లు ఇక్కడే గడిపిన మా అమ్మ మండిపడింది.

"సర్కారీ నౌకరీ ఎవులైనా వదులుకుంటారేటే? ఏడుస్తుంటే ఈడ్చుకెల్లి బడిలో కూకోబెట్టినాను గనకే ఈపాటిదానివైనావు. ఇప్పుడు బలవంతం తప్పంటావేటి?"

"ఈడ్చుకెల్లినావు, నిజమే అమ్మా. సాయంత్రం ఇంటికొచ్చాక ఏటి నేర్సుకున్నావని అడిగేదానివి కూడా. ఆ పిల్లని ఎవులూ అడగలేదు. నేనూ అడగలేదు."

అమ్మ ఒప్పుకుందని అనలేను.

పిల్లలు చదువుకోవాలన్న విషయంలో నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు. చట్టం వల్ల గడప దాటిన ఆడపిల్లల్ని నా కళ్లతో చూశాను. కానీ నిర్బంధమంతా పిల్ల మీదే పడింది. వచ్చి కూర్చోకపోతే అది పిల్ల లోపం. కూర్చున్నా ఏమీ రాకపోతే అది ఎవరి లోపమో రాయడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు. ఒకే వయసు వాళ్లందరికీ ఒకే రోజు ఒకే పేజీ తలకెక్కాలన్న పట్టుదలతో ఎంతమందిని మూగవాళ్లను చేశామో! ఆ పని చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు టాటీబంధ్ దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకుని రోజూ రెండు గంటలు నేర్పుతున్నాను. అన్ని వయసులవాళ్లూ కలిసే కూర్చుంటారు. రానివాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదని అడుగుతాను, బెదిరించను. కొందరు నిజంగానే మానేస్తారు. బాధగానే ఉంటుంది. అయినా పద్ధతి మార్చను.

ఆ అమ్మాయి ఎనిమిదితో బడి మానేసి వెదురు పనిలోనే ఉంది. పోయిన ఏడాది ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసి, లెక్కల్లో తప్పింది. మొన్న లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మళ్లీ రాస్తాను మేడమ్."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే కావాలి."

సోమవారం నుంచి భిన్నాలు మొదలుపెట్టాం.