తూము ఎవరిది?

వాషర్‌మెన్‌పేట్‌లో మేమున్న వీధి రైలు కట్ట దగ్గర ఆగిపోతుంది. కట్ట కింద ఇటుకలతో కట్టిన పాత తూము ఒకటి ఉండేది. వీధిలోని మురుగూ వాననీళ్ళూ ఆ తూములోంచి అవతలికి పోయి పెద్ద కాలువలో పడాలి. వీధి కాలువ కార్పొరేషన్‌ది. తూము రైల్వేది, అంటే ఢిల్లీ వాళ్ళది. అవతలి పెద్ద కాలువ రాష్ట్ర ప్రభుత్వానిది. ఈ పంపకాల సంగతి నీళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా స్కూల్లో పౌరశాస్త్రం చెప్పే టీచరమ్మ దీన్నంతా ఉమ్మడి కుటుంబంతో పోల్చేది. కేంద్రం తండ్రట, రాష్ట్రం పెద్దకొడుకట, మునిసిపాలిటీ చిన్నకొడుకట. ఎవరి పని వాళ్ళు చూసుకుంటే ఇల్లు చల్లగా ఉంటుందట. నేను అదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇల్లు నిజంగానే చల్లబడింది, మోకాళ్ళ దాకా.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఎండాకాలంలో రైల్వే వాళ్ళు పట్టాలు బాగుచేసి, మిగిలిన కంకర రాళ్ళను కట్ట మీద నుంచి కిందికి నెట్టేసి పోయారు. అవి సరిగ్గా తూము నోట్లో పడ్డాయి. మా నాన్న జార్జి టౌన్‌లో మిరపకాయల మండీలో గుమాస్తా. ప్రభుత్వం అంటే చెప్పులు విడిచి మాట్లాడే మనిషి. వానలు రాకముందే చెప్పుకుందామని ఉతికిన చొక్కా వేసుకుని మూడు ఆఫీసులూ తిరిగాడు.

కార్పొరేషన్ ఉద్యోగి కుర్చీలోంచి కదలకుండా, "కాలవ మాదే. అది బాగానే పారతా ఉండాది. తూము కాడ నిలబడిపోతే మేమేం చేసేది?" అన్నాడు. రైల్వే ఆయన ఇంకా తెలివైనవాడు. తూము తమదే, రాళ్ళూ తమవే, కానీ రాళ్ళ సందుల్లో ఇరుక్కున్నది మా వీధి చెత్త గనుక, చెత్త కార్పొరేషన్ బాధ్యత అన్నాడు. రాష్ట్ర ప్రభుత్వపు ఇంజనీరు తమిళంలో, "నీళ్ళు మా కాలువలోకి వచ్చాక అడగండి. రాని నీళ్ళకు నేనెలా జవాబు చెప్పను?" అన్నాడు. నాన్న తమిళంలో తెలుగు యాస వినబడేసరికి ఆయనకు హుషారు పుట్టింది. "మీకు వేరే రాష్ట్రం ఇచ్చేశారు కదా, అక్కడికి పోయి అడుక్కోండి" అన్నాడు. మా తాతకు తాత కూడా ఈ ఊళ్ళోనే పుట్టాడు.

ఇంటికొచ్చి నాన్న, "పాపం, వాళ్ళూ రూల్సు ప్రకారమే కదా పోవల్ల" అన్నాడు.

మా అత్త, అంటే నాన్న అక్క, భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉండేది. అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే, "ఒరే, ముగ్గురు మొగుళ్ళున్న ఆడదానికి ముద్ద పెట్టేవాడు ఒక్కడూ ఉండడురా" అంది.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. మూడో రోజుకు వీధి చెరువైంది. పొయ్యి మునిగింది. మంచం మీద కుంపటి పెట్టుకుని అమ్మ గంజి కాచింది. ముగ్గురు యజమానుల్లో ఒక్కడూ తొంగిచూడలేదు. కార్పొరేషన్ మనిషి ఒకడు సైకిలు మీద వీధి మొగ దాకా వచ్చి, ప్యాంటు తడుస్తుందని వెనక్కి తిరిగాడని చెప్పుకున్నారు.

ఆ నీళ్ళలోనే పక్కింటి పెద్దాయన పోయాడు. హార్బరులో మూటలు మోసి మోసి నడుము వంగిపోయిన మనిషి. వాళ్ళు క్రైస్తవులు. సమాధుల తోట కట్టకు అవతల ఉంది. పట్టాలు దాటే రైలు గేటు దారి మొత్తం నడుముల్లోతు నీళ్ళు. ఒక పగలూ ఒక రాత్రీ చూశారు. వాన తగ్గలేదు. ఇక లాభం లేదని హార్బరు కూలీలు శవపెట్టెను తలల మీద పెట్టుకుని కట్ట ఎక్కారు. వెనకాల పెద్దాయన భార్య, మా అత్త, నాన్న, నేను, వీధి జనం.

పట్టాలు దాటబోతుంటే రైల్వే ఉద్యోగి ఒకడు గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చేతులు అడ్డం పెట్టాడు.

"ఇది సెంట్రల్ గవర్నమెంటు స్థలం. పై ఆఫీసు పర్మిషన్ లేకుండా దాటకూడదు."

పెట్టె మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు. వాన వాళ్ళ మొహాల మీద పడుతోంది, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ముసలామె చెయ్యెత్తి పెట్టె అంచు పట్టుకుని అట్లాగే నిలబడింది. నాన్న చేతులు కట్టుకుని, "సార్, కొంచెం దయ..." అంటూ మొదలుపెట్టాడు.

అత్త నాన్నను పక్కకు తోసి ముందుకొచ్చింది.

"ఏందయ్యా, పోయినాయన టిక్కెట్టు కొనల్లా? మీ రాళ్ళు మా ఇళ్ళల్లోకి నీళ్ళు తోలతా ఉంటే ఏ పర్మిషనూ అడగలేదే! తప్పుకో."

అతను తప్పుకోలేదు. కూలీలే అతన్ని చుట్టి నడిచారు. వెనక నుంచి రిపోర్టు రాస్తానని అరుస్తూనే ఉన్నాడు. గోతిలో నీళ్ళు తోడి తోడి పాతిపెట్టారు పెద్దాయన్ని.

తిరిగొచ్చేటప్పుడు అత్త కట్ట దిగువన నిలబడి తూము వైపు చూసింది. "గడ్డపారలు ఉండాయా?" అని కూలీల్ని అడిగింది. అంతే. తడిగుడ్డల్తోనే దిగారు. మగవాళ్ళు రాళ్ళు పెళ్ళగిస్తుంటే ఆడవాళ్ళం గంపలతో అందుకుని గట్టున పోశాం. నాన్న కూడా పంచె ఎగ్గట్టి దిగాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని కట్ట పైకి చూసుకుంటూనే. సాయంత్రానికి తూము గుడగుడమని ఒక్కసారి మింగింది. నీళ్ళు పరుగెత్తాయి. చీకటి పడేలోపు మా గడప కనబడింది.

మరునాడు పొద్దున ముగ్గురూ వచ్చారు. ఎన్నిసార్లు బతిమాలినా ఒక్కడూ రాని చోటికి ముగ్గురూ కలిసి, కాళ్ళకు బూట్లతో, పొడి నేల మీద. కట్ట బలహీనపడిందని రైల్వే ఆయన. అనుమతి లేకుండా తమ కాలువలోకి బురద వదిలారని రాష్ట్రం ఇంజనీరు. రాళ్ళూ బురదా వీధిలో పోసి అపరిశుభ్రం చేశారని కార్పొరేషన్ ఆయన. మూసుకుపోయినంత కాలం అనాథగా పడున్న తూముకు, తెరుచుకున్న మర్నాడు ముగ్గురు తండ్రులు పుట్టుకొచ్చారు. వెంట ఒక పోలీసు కూడా.

"ఎవరు తవ్వమన్నది?" అన్నాడు పోలీసు. నాన్న నోరు తెరిచేలోపు అత్త, "నేనే" అంది.

స్టేషన్‌కు తీసుకుపోయారు. నాన్నా నేనూ వెంట వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు అత్తను బెంచీ మీద కూర్చోబెట్టి కేసు రాయబోయాడు. అంతలో రైల్వే ఆయన, నేరం రైల్వే స్థలంలో జరిగింది కాబట్టి రైల్వే పోలీసులు రాయాలన్నాడు. ఇంజనీరు, బురద పడింది రాష్ట్రం కాలువలో కాబట్టి ఇక్కడే రాయాలన్నాడు. కార్పొరేషన్ ఆయన, వీధి నేరం మీద తమ శానిటరీ ఇన్‌స్పెక్టరే చర్య తీసుకోవాలన్నాడు. ఒకరి మాట ఒకరికి పడలేదు. ముగ్గురూ వేళ్ళు చూపించుకుంటూ అరుచుకున్నారు. నేను ఆ బెంచీ మీద కూర్చునే దేశం ఎలా నడుస్తుందో నేర్చుకున్నాను. భోజనాల వేళయింది. ఇన్‌స్పెక్టరుకు ఆకలేసినట్టుంది. పెన్ను మూసి, "ఈ కేసు ఎవరిదో మీరు తేల్చుకుని రండి. నువ్వు పోమ్మా" అన్నాడు.

వాళ్ళు ఇంతవరకూ తేల్చుకోలేదు.

దారిలో నాన్న, "దేవుడు కాపాడినాడక్కా" అన్నాడు. అత్త ఉమ్మేసి నడిచింది.

మరుసటి వేసవిలో రైల్వే వాళ్ళు అనుమతి లేనివాళ్ళు ప్రవేశించకుండా తూముకు ఇనప కమ్మీలు బిగించారు. కొత్త వానకు ఆకులూ గుడ్డపేలికలూ ఆ కమ్మీలకే పట్టుకుని నీళ్ళు మళ్ళీ ఎక్కాయి. ఈసారి ఎవరూ ఏ ఆఫీసుకూ పోలేదు. హార్బరు కూలీలు రెండు కమ్మీలు ఊడపీకారు. పెద్దాయన భార్య ఇంట్లో మంచం కోడు విరిగితే ఒక కమ్మీ దానికి ఆసరాగా వేశారు. రెండోది అత్త తీసుకొచ్చి పొయ్యిలో బొగ్గులు కదపడానికి పెట్టుకుంది.

తర్వాత ఆ వీధిలో మేమున్నంత కాలం, వానలకు ముందు జనమే తూము శుభ్రం చేసుకునేవాళ్ళు. ఓట్ల కాలంలో మాత్రం ఢిల్లీకి పోయేవాడూ, రాష్ట్రానికి పోయేవాడూ, కార్పొరేషన్‌కు పోయేవాడూ వంతులవారీగా వచ్చి, మా తూమును బాగుచేయించింది తామేనని మైకుల్లో చెప్పేవాళ్ళు. అత్త వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని, ముగ్గురి మాటలూ చివరిదాకా వినేది. ఒక్కడికీ ఓటు వేసేది కాదు.