మస్తానమ్మ వేలిలో తెల్లోళ్ళు

ఉదయగిరిలో మస్తానమ్మ చెక్కిన గరిటె పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ఆమె నోటికి చిక్కితే మాత్రం ఎంత తొందరగా తప్పించుకుంటే అంత మేలు. కట్టెను తిడుతుంది, ఉలిని తిడుతుంది, ఎదురుగా కూర్చుని చెంచాలకు గరుకు కాగితం రుద్దే మొగుడు మునెయ్యను ఇంకాస్త ప్రేమగా తిడుతుంది.

అలాంటి మనిషి కుడి బొటనవేలిలో చెక్క పేడు దిగింది. పిన్నీసుతో కెలికింది, పసుపు అద్దింది, అదే పోతుందిలే అనుకుంది. పోలేదు. వేలు వాచింది, జ్వరం వచ్చింది. ఉలి పట్టు దొరకనప్పుడు మాత్రం ఆమెకు నిజంగా భయమేసింది. బొటనవేలు లేకపోతే ఉలి లేదు, ఉలి లేకపోతే ఇంక తనెందుకు?

ఇద్దరూ బస్సెక్కి ఆత్మకూరు ఆస్పత్రికి పోయారు. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "తెల్లకణాలు బాగా పెరిగినాయమ్మా. మాత్రలు మానొద్దు, వేలికే ముప్పు" అని తర్వాతి రోగిని పిలిచాడు.

"తెల్లకణాలంటే ఏందయ్యా?" అని తిరుగు బస్సులో అడిగింది మస్తానమ్మ.

మునెయ్యకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. "నీ రక్తంలో తెల్లోళ్ళు పెరిగినారన్నమాట. ఎర్రోళ్ళను తినేస్తా ఉండారు."

"వీళ్ళ దుంపతెగ! దేశం వదిలి పోయినారనుకుంటే నా ఒంట్లో దూరినారా!"

ఆ పూట నుంచే తెల్లోళ్ళ మీద యుద్ధం మొదలైంది. వరన్నం బంద్, పెరుగు బంద్. రాగిసంకటి, ఎర్రకారం, బీట్‌రూట్ తప్ప ఇంకోటి ముట్టదు. ఆమె వాటా పెరుగంతా మునెయ్య జుర్రుకుంటూ, ఆమె తొందరగా కోలుకోవాలని మనసారా కోరుకున్నాడు. అక్కడితో ఆగితే నవ్వుకునే సంగతే. కానీ ఆ మహాతల్లి మాత్రల్లో కూడా ఎర్రవే మింగి, తెల్లవన్నీ గూట్లో పెట్టేసింది.

వాపు అరచేతికి పాకింది. మళ్ళీ ఆత్మకూరు పరుగు. నర్సు సుజన చేయి చూసి ఉలిక్కిపడింది. "మాత్రలు వేసుకున్నావా అవ్వా?"

"ఎర్రవి వేసుకున్నా, తెల్లవి గూట్లో పెట్టినా. ఉండే తెల్లోళ్ళతోనే చస్తా ఉంటే, మళ్ళీ తెల్లవి ఎట్టా మింగేది?"

విషయం అర్థమై సుజన తల పట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఆ తెల్లోళ్ళు నీ పక్షమే. పేడుతోపాటు క్రిములు దూరినాయి. వాటిని చంపడానికి నీ ఒళ్ళే వాళ్ళను పుట్టించి పంపతా ఉండాది, అందుకే పెరిగినారు. వాళ్ళకు సాయంగా మేము మందిస్తే గూట్లో దాచినావా?"

మస్తానమ్మ మునెయ్య వైపు చూసింది. మునెయ్య గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

డాక్టరు వేలికి గాటు పెట్టి పేడు లాగాడు. దూది నిండా చీము. "వేలు దక్కిందమ్మా. ఇంకా ఆలస్యం చేసుంటే చెప్పలేను" అన్నాడు.

"థూ, పాడు చీము!" అంది మస్తానమ్మ పళ్ళు బిగించి.

"తిట్టకవ్వా" అంది సుజన కట్టు కడుతూ. "అందులో ఉండేది శానావరకు వాళ్ళే. నీ వేలి కోసం కొట్లాడి చచ్చినోళ్ళు."

సుజన దూదిని బకెట్లో వేయబోతుంటే "ఆగు తల్లీ" అంది మస్తానమ్మ. కట్టు చేయీ మంచి చేయీ కలిపి ఆ దూదికి దండం పెట్టింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"పస్తులు పెట్టి కొట్లాటకు పంపితినే నాయనా!"

బస్టాండు దగ్గర హోటల్లో పెరుగన్నం చెప్పించుకుని, స్టీలు చెంచాను తిట్టుకుంటూ తినసాగింది. మునెయ్య అలవాటుగా గిన్నె వైపు చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యి! ఇది నాకు కాదు, వాళ్ళకి."