నిగనిగలాడిన చారలు

ఆ పేటలో ఏ దుకాణం బోర్డు చూసినా పెయింటరు చెయ్యి ఇట్టే తెలిసిపోయేది. అక్షరాలు ఎవరైనా రాస్తారు. పైన వార్నిష్ పూత వేసి, అద్దంలా మెరిపించే దాకా వదలకపోవడం అతని పద్ధతి. "పోయేవాడు ఆగి చూడాలంటే నిగనిగ ఉండాలండీ" అనేవాడు. గొప్పలకు తక్కువేం లేదు, పనికీ వంక పెట్టడానికి లేదు.

అతని భార్యకు రోడ్డంటే హడలు. సొంత అక్క ఇల్లు సరిగ్గా ఎదురుగానే ఉంది, మధ్యలో ఆ రోడ్డు. దాన్ని వెడల్పు చేశాక బళ్లకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. అక్కాచెల్లెళ్లు చెరో గుమ్మంలో నిలబడి చేతులతోనే కబుర్లు చెప్పుకునేవారు. అక్క వేళ్లు ముడిచి నోటి దగ్గర పెడితే, తిన్నావా అని. చెల్లెలు ఏదో జవాబు చెప్పేది. వెనక వరండాలో రంగు కలుపుకుంటూ పెయింటరు నవ్వేవాడు. "మీకు ఫోన్లు దండగే" అని ఆటపట్టించేవాడు.

నడిచేవాళ్లు దాటడానికి చారలు గీయమని కాలనీవాళ్లంతా చెప్పులరిగేలా మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగారు. చూద్దామన్నారు, చూస్తూనే ఉన్నారు. చివరికి పెయింటరుకు ఒళ్లు మండింది.

"తెల్లచారలు గీయడానికి వాళ్లెందుకు? నా చేతులేమన్నా పడిపోయాయా?" అన్నాడు.

ఒక సెలవురోజు తెల్లవారగానే కాలనీవాళ్లు తాళ్లు కట్టి బళ్లు ఆపారు. అతను చారలు గీశాడు. గీసి, ఆరాక, చెయ్యి ఊరుకోక పైన వార్నిష్ కూడా పూశాడు. అది బోర్డు కాదు, రోడ్డు అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఎండలో ఆ చారలు ధగధగలాడుతుంటే అందరూ భుజం తట్టారు. నిజంగానే బళ్లు నెమ్మదించాయి.

మర్నాడు భార్య ఒంటరిగా అక్క ఇంటికి వెళ్లి, మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని వచ్చింది.

"ఇన్నేళ్లకు మా అక్క ఇంటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లొచ్చానండీ" అంది. ఆ మాటకు పెయింటరుకు కాళ్లు నేలమీద ఆనలేదు.

తర్వాత మొదటి వాన పడింది. తుంపర తగ్గాక ఆమె అక్కకని కూర గిన్నె పట్టుకుని బయల్దేరింది. డ్యూటీకి పోతున్న ఒక నర్సు చారల మీద మనిషిని చూసి స్కూటీకి బ్రేకు వేసింది. తడిసిన వార్నిష్ మీద చక్రం జారి, బండి అడ్డంగా వచ్చి పెయింటరు భార్యను కొట్టింది. ఆమె మళ్లీ లేవలేదు.

పరిగెత్తుకొచ్చిన పెయింటరు తన చారల మీదే జారి మోకాళ్ల మీద పడ్డాడు. ఏం జరిగిందో అతనికి అక్కడే అర్థమైపోయింది. అయ్యో, అంత నున్నగా ఎందుకు చేశానని ఏడ్చాడు. ఆ మాట ఒక్క కాలనీ ప్రెసిడెంటుకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

ఆఫీసరు విచారణకు వస్తున్నాడనగానే కాలనీ ప్రెసిడెంటు అతన్ని పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, బండి స్పీడు వల్లే పోయిందని చెప్పు, చాలు. మనకు సిగ్నలే వస్తుంది. రంగు మాట ఎత్తావో, తప్పు మన నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటారు."

ఆశ పుట్టింది అతనికి. ఆమె ప్రాణానికి బదులు, కనీసం ఆమె అక్క గుమ్మం ముందు ఒక దారన్నా మిగులుతుంది. కానీ గుంపు చివర చేతికి కట్టుతో నర్సు నిలబడి ఉంది. ఎవరేం తిట్టినా ఒకటే మాట.

"చారలు చూసి బ్రేకు వేశాను బాబాయ్. వేశాను."

ఆఫీసరు అడిగాడు. పెయింటరు తల దించుకున్నాడు.

"ఆ అమ్మాయి ఆగబోయిందండీ. నా రంగే ఆగనివ్వలేదు."

అంతే. కూలీలొచ్చి చారలు గీకేశారు, సిగ్నలూ రాలేదు. నోరు మూసుకుంటే ఏం పోయేదని ఇప్పటికీ అతనితో మాట్లాడని వాళ్లున్నారు. వాళ్ల పిల్లలూ ఆ రోడ్డే దాటాలి మరి, వాళ్ల కోపంలోనూ న్యాయముంది.

ఇప్పుడతను బోర్డులు రాయడు. పొద్దునా సాయంత్రం ఎర్రగుడ్డ ఎత్తి బళ్లు ఆపుతాడు, జనాన్ని దాటిస్తాడు. తను మాత్రం అవతలికి వెళ్లడు. అక్కడ వదినగారి ఇల్లుంది. చెల్లెలు పోయిన నాటి నుంచి ఆ తలుపు తెరుచుకోలేదు.

ఒక సాయంత్రం తెరుచుకుంది. వదినగారు గుమ్మంలోకి వచ్చి చాలాసేపు అతన్నే చూసింది. శపిస్తుందనుకున్నాడు. ఆవిడ వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టింది.

తిన్నావా అని.

దానికి తన భార్య చేత్తో ఏమని చెప్పేదో అతనికి తెలియదు. ఇన్నేళ్లూ ఆమెను వెనకనుంచే చూశాడు. ఏదో ఒకటి చెప్పాలని చెయ్యి ఎత్తాడు. చేతిలో ఎర్రగుడ్డ చూసి బళ్లన్నీ ఆగిపోయాయి. రోడ్డు ఖాళీగా పడి ఉంది. ఎవరూ దాటడం లేదేమిటని వెనకవాళ్లు హారన్లు మొదలుపెట్టారు.