కలుపు మందు లెక్కలో సున్నా

ప్రభుత్వం ఏ పథకం తెచ్చినా ఊళ్లలో ఎందరికి పని పోతుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. ఈసారి రైతులకు కలుపు మందు సగం ధరకే ఇస్తారట. పని పోయేవాళ్లు దాదాపు సున్నా అని తేలింది. పదకొండింటికి సమావేశం.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. "మందు కొట్టేస్తారంట, ఇంక కలుపుకి పిలవరంట. మా జట్టులో ముప్పైమంది ఆడవాళ్లం. మా గతేంటే?"

మరి సున్నా ఎలా వచ్చినట్టు? ఆ లెక్కకు ఆధారమైన పాత సర్వే కట్ట విప్పి, అక్క ఊరి పత్రాలు తిరగేసింది. బావ కూలీ. అక్క ఇంటిపని. పక్కింటావిడా ఇంటిపనే. వీధి వీధంతా ఇంటిపనే. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మగవాళ్లను మాత్రమే అడిగి రాసుకుపోయిన ఆ దద్దమ్మ ఎవరో చూద్దామని పత్రం అడుగుకు కళ్లు దించింది.

అక్కడ తన సంతకమే ఉంది.

డైరెక్టరు తలుపు తోశాడు. "అయిందా మేడమ్? పైనుంచి మూడుసార్లు అడిగారు."

ఆమెకు ఆ సర్వే రోజు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్క ఇంటి అరుగు మీదే కూర్చుని, బావ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఆ పూట అక్క ఇంట్లో లేదు. కలుపుకు వెళ్లింది.