ఓనర్ అంకుల్ ఎంచిన పొట్టి తుపాకీ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను పనిచేసే ల్యాబ్‌లో ఒక పెద్దావిడ చేతికి రబ్బరు పట్టీ కడుతుండగా జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. రక్తం తీసి, దూది పెట్టి, సీసాకి పేరు అంటించి, ఆవిడని తలుపు దాకా పంపించి వచ్చాక చూసుకుంటే ఆంటీ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఒక్కటే మాట.

"మీ అంకుల్ పోయినాడమ్మా."

ఆయన నాకు బంధువేమీ కాదు. చదువుకోవడానికి తెనాలి నుంచి ఆక్లాండ్ వచ్చిన కొత్తలో, అక్కడి హెండర్సన్ పేటలో నేను అద్దెకున్న గరాజ్ గది ఆయన ఇంటిది. అందుకని ఓనర్ అంకుల్ అనేదాన్ని. చదువయింది, ఉద్యోగం వచ్చింది, వేరే ఫ్లాట్‌కి మారాను, పిలుపు మాత్రం మారలేదు. అనంతపురం వైపు మనిషి. ఇంజనీరుగా వచ్చి, ఆ ఉద్యోగం దొరక్క, పదిహేనేళ్లు ఆల్బనీ రూటులో బస్సు నడిపాడు. పొగమంచు పడిన పొద్దుల్లో డ్యూటీకి వెళ్తూ నా తలుపు మీద రెండుసార్లు కొట్టి, "అమ్మా, మెట్టు మీద జారతాది, చూసి దిగు" అని చెప్పి వెళ్లేవాడు. ఉత్తరమైనా బిల్లయినా ఏ కాగితం వచ్చినా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకోవడం ఆయన అలవాటు. ఆ జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది.

రిటైరయ్యాక ఆయన చేసిన పని చూసి తెలిసినవాళ్లందరూ నవ్వారు. ఉన్నదంతా ఊడ్చి హెలెన్స్‌విల్ అనే ఊరు దాటాక మూడెకరాలు కొన్నాడు. అందులో నూట అరవై నిమ్మ మొక్కలు నాటాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న నిమ్మతోట ఎవరిదో అయిపోతుంటే గట్టు మీద నిలబడి చూశాడట. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. "ఒక్క కాపు, ఒకే ఒక్క కాపు నా చేత్తో కోస్తే సాలమ్మా. ఆ తర్వాత ఏమైనా కానీ" అనేవాడు. ఇంతకంటే పెద్ద కోరిక ఆయన నోట నేను వినలేదు.

మొదటి చలికాలంలోనే కుందేళ్లు దిగాయి. కుందేలంటే మనకి బొమ్మల పుస్తకంలో ముద్దొచ్చే జంతువు. ఈ దేశంలో అది పంటకి పట్టిన చీడ. మొక్క మొదట్లో బెరడుని చుట్టూ గుండ్రంగా కొరికేస్తుంది. ఒకరోజు అంకుల్ నన్ను వంగోబెట్టి అలాంటి మొక్క ఒకటి చూపించాడు. పైన ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"బాగానే ఉంది కదండీ" అన్నాను.

"సచ్చిపోయిందమ్మా. ఆ సంగతి దానికింకా తెల్దు. అంతే."

ప్లాస్టిక్ గొట్టాలు తొడిగితే గాలికి కొట్టుకుపోయాయి. విషం మందు పెడదామంటే పక్క పొలం కుక్కలు తింటాయని ఆయనే వద్దన్నాడు. వల కంచెకి కొటేషన్ తెప్పించి, చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టేసుకున్నాడు. ఇక మిగిలింది తుపాకీ. బస్సు డిపోలో తోటి డ్రైవరొకాయన తీసుకెళ్తే అంకుల్ కొన్నేళ్లు వేటకి వెళ్లాడు, లైసెన్సూ ఉంది. కానీ ఆపాటికే కుడి చెయ్యి వణకడం మొదలైంది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని నావైపు చూశాడు.

"రోజుకి యాభై మందికి సూది గుచ్చుతావు. నీ చెయ్యి నాకు నమ్మకమమ్మా."

మీలో కొందరు ఇక్కడ మొహం చిట్లిస్తారని తెలుసు. నేనూ చిట్లించాను. మా ఇంట్లో బల్లిని కూడా చీపురుతో మెల్లగా బయటికి నెడతారు. రెండు వారాలు ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. మూడో వారం ఆయనే ఫోటో పంపాడు, మరో తొమ్మిది మొక్కలు. ఆ రాత్రే తుపాకీ లైసెన్సు ఫారం నింపాను. ఇక్కడ పోలీసులు మన ఇంటికొచ్చి, మన గురించి తెలిసినవాళ్లని కూడా అడిగి వెళ్తారు. ఈ అమ్మాయికి కోపం ఎక్కువా అని పోలీసావిడ అడిగితే అంకుల్, "చాలా ఎక్కువ మేడమ్. కానీ అరిచేసి తర్వాత అన్నం పెడుతుంది" అన్నాడట. అయినా లైసెన్సు వచ్చింది.

తుపాకీ ఎంచుకోవడానికి ఆయనతో షాపుకి వెళ్లిన ఆ శనివారం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కౌంటర్ దగ్గర కుర్రాడు కొత్తదొకటి తీసి చేతిలో పెట్టాడు. బరువైన గొట్టం, పదిహేడు క్యాలిబర్, గుండు నూట యాభై మీటర్లు గీత గీసినట్టు పోతుందన్నాడు. నేను అప్పుడే కార్డు తీయబోయాను. అంకుల్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"నీకు కుందేలు కనపడేది ఎంత దూరంలో?"

"యాభై... అరవై మీటర్లేమోనండి."

"నేను అడుగులేసి కొలిచినా. అంతే. దానికి మామూలు ట్వంటీటూ క్యాలిబర్ సాలు. ఆ పదిహేడుకి తూటాలు ఖరీదు. ఖరీదైన తూటా కొన్నోడు ప్రాక్టీస్ చేయడమ్మా, దాచుకుంటాడు. నువ్వు వారం వారం కాల్చాల."

ఇంకా పెద్ద రకం వద్దన్నాడు, మోతకి పక్క పొలం గుర్రాలు బెదురుతాయని. టకటకా పేలేది వద్దన్నాడు. "ప్రతి తూటాకీ పక్కనున్న బోల్ట్ పిడి లాగి నువ్వే ఎక్కించేది తీసుకో. ఆ లాగేటప్పుడు ఒక క్షణం ఆలోచిస్తావు." సెకండ్‌హ్యాండ్ వరసలో ఏది భుజానికి ఆనించినా నాకు పొడుగే. మెడ సాగదీయాల్సి వచ్చేది. చివర్లో, చీటీ మీద ధర రెండుసార్లు కొట్టేసి రాసిన పొట్టిది ఒకటుంది. ఎవరో కూతురి కోసం, భుజానికి ఆనే కట్టె వెనక భాగం రంపంతో కోయించాడట, అమ్మాయి పెద్దదైపోయింది, పెద్దవాళ్లకి పనికిరాదు, ఏడాదిగా ఎవరూ అడగలేదు. ఎత్తి చెంపకి ఆనించాను. చీర కుచ్చిళ్లు కుదిరినట్టు కుదిరింది.

అంకుల్ అప్పుడే సంబరపడలేదు. కుర్రాణ్ణి అడిగి బోల్ట్ తీయించి, జేబులోంచి ఒక మడత కాగితం తీసి వెనక అడ్డం పెట్టించి, వెలుతురుకి పట్టి గొట్టంలోంచి చూశాడు. తర్వాత నా దగ్గర దూది అడిగాడు, నా జేబులో ఎలాగూ ఉంటుంది. దాన్ని గొట్టం మూతి అంచు చుట్టూ మెల్లగా తిప్పాడు. ఒక్క పోగు కూడా చిక్కుకోలేదు.

"ఈ అంచు చూసినావా? గుండు బయటికొచ్చేటప్పుడు ఆఖరున తాకేది ఇదే. ఇది నున్నగా ఉంటే కట్టె మీద ఎన్ని గీతలున్నా ఫర్వాలేదు."

మిగిలిన డబ్బు గురి చూసే స్కోప్‌కి పెట్టించాడు. "గన్ను చవగ్గా కొనమ్మా, కన్ను చవగ్గా కొనొద్దు" అని. తూటాలు మాత్రం ఐదు కంపెనీలవి తలా ఒక డబ్బా. తోటలో అట్టముక్క పెట్టి అన్నీ కాల్పించాడు. నాలుగు రకాలు చెల్లాచెదురుగా పడ్డాయి, ఐదోది మాత్రం ఒకే చోట, బొటనవేలితో మూసేంత మేర. "తుపాక్కీ నాలుక ఉంటాదమ్మా. దానికి పడేది మనం కనుక్కుని పెట్టాల."

మొదటి కుందేలు పడిన సాయంత్రం నేను గడ్డిలో కూర్చుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, వేళాకోళమూ చేయలేదు. "ఏడుపు రావడం మంచిదే. సంతోషమేసిన రోజు చెప్పు, తుపాకీ నేను తీసేసుకుంటా" అన్నాడంతే. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాం. నేను కంచె పక్కన బోర్లా పడుకునేదాన్ని, ఆయన వెనక స్టూలేసుకుని పళ్లు ఒలుస్తూ కూర్చునేవాడు. ఎనిమిది నెలల్లో మరో మొక్క పోలేదు. నూట పన్నెండు నిలిచాయి. కొన్నింటికి పూత కూడా వచ్చింది.

ఇక్కడ వసంతం సెప్టెంబరులో వస్తుంది; ఆ వసంతంలోనే ఆయన కడుపులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అన్నారు, తర్వాత వద్దన్నారు. ఏ రిపోర్టు వచ్చినా నాకే చూపించేవాడు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కదా, ఆ అంకెలు నాకు అర్థమయ్యేవి. అర్థం కాకపోతే బాగుండుననిపించేది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆయన హాస్పిటల్లో ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా నాన్న స్కూటర్‌కి, స్పానర్లకి, అమ్మ కత్తిపీటకి కూడా బొట్టు పెట్టేవాళ్లం. నా ఫ్లాట్‌లో నిజంగా ఆయుధమనేది ఒకటుంది. బీరువాలోంచి తీసి, పీట మీద పెట్టి, ఆయన కోసం ఎప్పుడూ మొక్కనంత గట్టిగా మొక్కాను. మొహానికి బొట్టు పెట్టాలి కదా. తుపాకీకి మొహమేదంటే గొట్టం మూతే అనుకున్నాను. దాని అంచు చుట్టూ గంధం మెత్తి, కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పైన చిలకరించాను. పూజ చేసిన బొట్టు తుడవకూడదని అలాగే ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు వారాలు ఎడతెగని వాన. నేను హాస్పిటల్ చుట్టూ తిరిగాను.

నాలుగో వారం తోటకి వెళ్తే ఒక్కటీ తగల్లేదు. ఐదో వారమూ అంతే. నా కళ్ల ముందే కుందేళ్లు నింపాదిగా ఒక్కో మొక్కా కొరుక్కుంటూ పోయాయి. నా చెయ్యే చెడిందనుకుని ఏడుపొచ్చింది. ఇంటికొచ్చేసిన అంకుల్ దగ్గరికి తుపాకీ పట్టుకెళ్లాను. మంచం మీదే ఒళ్లో పెట్టుకుని, మూతి చుట్టూ మిగిలిన కుంకుమ మరక చూసి, నెలల తర్వాత మొదటిసారి పడీపడీ నవ్వాడు.

"దీనికి బొట్టు పెట్టినావా? తల్లీ!"

తర్వాత దూది అడిగాడు. మూతి అంచు చుట్టూ తిప్పితే పోగులు పోగులుగా చిక్కుకుంది. అంచుని తుప్పు తినేసింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మన భక్తి దేవుడికి అర్థమవుతాదమ్మా. ఇనుముకి అర్థం కాదు. తీసుకుపోయి అంచు కొత్తగా కోయించు."

ఆ పని చేసే మనిషి రెండు నెలలు ఆగమన్నాడు. ఇంకోటి కొంటానంటే అంకుల్ ఒప్పుకోలేదు, మందుల ఖర్చులో ఉన్నాం అన్నాడు. తుపాకీ తిరిగి వచ్చేసరికి ఆ వసంతంలో పుట్టిన కుందేలు పిల్లలన్నీ పెద్దవై, కలుగులు తోట మధ్య దాకా వచ్చేశాయి. ఒక్కదాన్ని ఎన్నింటిని కొట్టగలను? చివరి మొక్క బెరడు కూడా పోయిందని చూసిన రోజు నేను తుపాకీ సంచీలోంచి బయటికే తీయలేదు.

ప్రతి ఆదివారం తోట నుంచి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లేదాన్ని.

"ఎన్ని ఉండాయమ్మా?"

"ఎనభై అంకుల్."

"కాయ పడినాదా?"

"గోలీల్లా ఉన్నాయి."

కళ్లు మూసుకుని తలూపేవాడు. మనిషి సగమైపోయాడు, గొంతు పోయింది, అయినా ఆ రెండు ప్రశ్నలూ మానలేదు. తోటలో ఒక్కటీ మిగలకపోయినా నేను ఎనభై నుంచి ఒక్కటీ తగ్గించలేదు. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నా చెయ్యి వణకలేదు, అదే నాకు అసహ్యం. ఆయన కాపు కోసుకోలేదు. ఒక్క కాయ కూడా ముట్టుకోలేదు. నేను ఎన్ని విధాల చెప్పుకున్నా ఆ మాట మారదు.

తుపాకీ నా బీరువాలోనే ఉంది. అమ్మేద్దామంటే ఎవరికీ సరిపోదు. నాకే సరిపోతుంది.

దహనమైన మూడోరోజు ఆంటీ తోట చూస్తానంది. "ఎనభై ఉండాయన్నావు గదా, ఒక్కసారి చూడనీ" అంది. దారి పొడుగునా చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, ఒకసారి హీటర్ పెంచనా అని, ఇంకోసారి మంచినీళ్లు కావాలా అని అడిగాను. గేటు తీసి లోపలికి వెళ్లాం. మొక్కలకి ఊతంగా పాతిన కర్రలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో కర్రకి ఒక్కో ఎండు పుల్ల కట్టి ఉంది. పట్టపగలు కుందేళ్లు మేస్తున్నాయి. మమ్మల్ని చూసి నాలుగు గెంతులు గెంతి, మళ్లీ గడ్డిలో తలలు పెట్టాయి.

"ఏవమ్మా బతికినవి?" అంది ఆంటీ.

"ఒక్కటీ లేదాంటీ. నేను అంకుల్‌కి అబద్ధం చెప్పాను."

ఆంటీ నా మొహం వైపు చూడలేదు. షెడ్డు పక్కన కొళాయి దగ్గరికి నడిచి, అక్కడున్న బకెట్ నింపింది. చీర చెంగు నడుముకి దోపి, మొదటి వరసలో మొదటి పుల్ల దగ్గర వంగి, మొదట్లో నీళ్లు పోసింది. తర్వాత రెండో పుల్లకి. తర్వాత మూడోదానికి. వరసలు మొత్తం ఎనిమిది. "ఆంటీ, వద్దు" అన్నాను. ఆమె ఖాళీ బకెట్‌తో నన్ను దాటుకుని మళ్లీ కొళాయి దగ్గరికి వెళ్లింది. నాలుగో వరస మొదలయ్యేటప్పుడు నేనూ ఇంకో బకెట్ వెతికి నింపుకున్నాను.