గేటు దగ్గర గుర్రప్ప

హోసూరు కప్పు ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఒక పద్ధతి ఉంది. మైదానం బాడుగ పోగా మిగిలిన గేటు డబ్బు, గెలిచినా ఓడినా, రెండు క్లబ్బులకూ చెరిసగం. అందుకే ఆట అయ్యేదాకా గోడ బయట, గేటు పక్కన, రెండు క్లబ్బుల మనుషులూ కూర్చుంటారు. ఒకరి చేతివాటం మీద ఇంకొకరి కన్ను. జవళగిరి క్లబ్బు తరఫున ఆ కుర్చీ ఎప్పుడూ గుర్రప్పదే. పెళ్లాం పోయి ఇంట్లో ముడుచుకున్న మనిషిని లాక్కొచ్చి అక్కడ కూర్చోబెట్టింది క్లబ్బు కుర్రవాళ్లే. ఉతికిన చొక్కా వేసుకుని వస్తాడు, వేలు తడి చేసుకుని టికెట్లు చింపుతాడు. ఇన్నేళ్లలో తమవాళ్లు వేసిన గోలు ఒక్కటీ కళ్లారా చూడలేదు.

ఫైనల్ రోజు జనమంతా లోపలికి పోయాక, అవతలి క్లబ్బు మునిరాజు డబ్బుల పెట్టె మీద చెయ్యి వేసి అన్నాడు: "పోయి చూసి రాప్పా. నీ సగం నేనేం మింగనులే."

గుర్రప్ప పెళ్లికి పోతున్నట్టు చొక్కా సర్దుకుని వెళ్లాడు. మైదానం అంచు గీత దగ్గర నిలబడ్డాడో లేదో, బంతి విసరడానికి అటు వచ్చిన తమ కెప్టెన్ పరశురామ్ అరిచాడు: "గేటు ఇడిసిపెట్టి ఈడికెందుకొచ్చినావు మామా? వాడు దోచేస్తాడు, పో పో!"

కుర్రవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి తిరిగొచ్చాడు.

"అప్పుడే వచ్చేసినావే?"

"ఎండప్పా."

అంతలో గోడ అవతల మైదానం హోరెత్తింది.

"మీ గోలే అయింటుంది," అన్నాడు మునిరాజు.

ఎవరైనా బయటికొచ్చి చెబుతారేమోనని ఇద్దరూ గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ రాలేదు.